నేల సారం ఎక్కువున్న చోటే మడ చెట్లు తక్కువున్నాయి, నా లెక్క తప్పా?

బురదలో_భార్గవి
చెన్నైలో పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు మడ అడవుల్లో నేల పోషకాలు, చెట్ల సాంద్రత మీద. ఎన్నూరు క్రీక్ (సముద్రపు పాయ) పక్కన మూడు చోట్లు ఎంచుకుని, చోటుకు నాలుగు చొప్పున 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ప్లాట్లు వేశాను. మోకాలెత్తు దాటిన ప్రతి తెల్ల మడనీ లెక్కపెట్టాను. ప్రతి ప్లాటులోంచీ మట్టి తీసి, ఆరబెట్టి, బయట ఒక ల్యాబుకి ఇచ్చాను.

రిపోర్టు వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే టెన్షన్. నత్రజని, భాస్వరం, సేంద్రియ కర్బనం ఎక్కువున్న చోట చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. సారం లేదని రిపోర్టు చెప్పిన చోట కాలు పెట్టడానికి సందు లేదు. గ్రాఫ్ గీస్తే గీత మెట్లెక్కుతుందనుకున్నాను, జారుడుబల్ల దిగింది. మా గైడ్ గారు ఒక్క మాటే అన్నారు: "సంచులు తారుమారు చేశావా?" చేయలేదు. ప్రతి సంచి మీద నేనే మార్కర్‌తో రాశాను.

సారం ఎక్కువైతే చెట్లు ఎక్కువ ఉండాలి కదా? ఎవరికైనా ఇలా వచ్చిందా?

ఇంకో నష్టం కూడా జరిగింది. ఆ బురదలో దిగి వచ్చాక నా వెండి పట్టీలు బొగ్గులా అయ్యాయి. అమ్మకి ఇంకా చెప్పలేదు.

తాంబరం_తమ్ముడు
ఎన్నూరులో పన్నెండు ప్లాట్లా? కార్నర్ బిట్ ఏమైనా ఖాళీ ఉందా అక్కా?

వేళచ్చేరి_వనజ
గ్రాఫ్ కాగితాన్ని తిప్పి పట్టుకుని గైడ్ గారికి చూపించు, గీత పైకే పోతుంది.

లెక్కల_మాస్టారు
ముందు ఒక మాట. పన్నెండు ప్లాట్లు అంటున్నావు కానీ నీ దగ్గర ఉన్నవి మూడు చోట్లే. ఒకే కుండలోంచి నాలుగు మెతుకులు తీసి, నాలుగు కుండలు వండానంటే ఎలాగమ్మా? ఒక చోట నాలుగు ప్లాట్లూ ఒకే నీరు తాగుతాయి, ఒకే ఉప్పు తింటాయి. గ్రాఫ్ మీద పన్నెండు చుక్కలున్నా అవి మూడు గుంపులే. మూడు గుంపుల మధ్య గీత పైకి పోయిందా కిందికి పోయిందా అని నిద్ర మానుకోవడం అనవసరం.

బురదలో_భార్గవి
మాస్టారూ, అది నిజమే. పన్నెండు చుక్కలూ మూడు ముద్దలుగానే పడ్డాయి. అయినా కింది వైపుకే ఎందుకు పడ్డాయి?

అంబత్తూరు_ఆనంద్
తల పగలగొట్టుకునేంత విషయం కాదు ఇది. మా ఆఫీసు వాళ్లం కిందటేడు ఒక క్రీక్ పక్కన అయిదు వందల మడ మొక్కలు నాటాం. టీ షర్టులు, ఫొటోలు, బిస్కెట్లు, అన్నీ అయ్యాయి. ఆర్నెల్ల తర్వాత వెళ్లి చూస్తే సగం కూడా లేవు. నేల చవుడు, సారం లేదు. నేనైతే మొక్కకి గుప్పెడు డీఏపీ వేసేవాడిని. మా నాన్న ఒంగోలు దగ్గర పొగాకు పండించిన మనిషి, ఎరువు సంగతి మాకు తెలుసు.

కోరంగి_కామేశ్
@ఆనంద్ గారూ, అలలొచ్చే చోట డీఏపీ వేస్తే ఆ పూట ఆటుకే సముద్రంలోకి పోతుంది. చేపలకి వేసినట్టే.

భూసార_బాబాయ్
ఈ పిల్ల అడిగిన ప్రశ్న బాగుంది. నేను ముప్పై ఏళ్లకు పైగా గుంటూరు జిల్లాలో భూసార పరీక్ష చేసినవాణ్ని. ఇప్పుడు పెరుంబాక్కంలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. అమ్మాయ్, రెండు సంగతులు చెప్పు. మట్టి ఎక్కడ, ఎన్నాళ్లు ఆరబెట్టావు? రిపోర్టులో అంకెలు హెక్టారుకు కిలోల్లో ఉన్నాయా, కిలోకు మిల్లీగ్రాముల్లో ఉన్నాయా?

బురదలో_భార్గవి
బాబాయ్ గారూ, హాస్టల్ డాబా మీద, పేపర్లు పరిచి పది రోజులు ఆరబెట్టాను. అంకెలు హెక్టారుకు కిలోల్లో ఉన్నాయి. పక్కన "అధికం", "మధ్యస్థం", "తక్కువ" అని రాశారు. ఆఖర్న "వరికి సిఫారసు" అని కూడా ఉంది.

తాంబరం_తమ్ముడు
వరి నాటెయ్ అక్కా, గైడ్ గారు కూడా సంతోషిస్తారు.

భూసార_బాబాయ్
నేననుకున్నదే. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికుంటే చదవండి.

ఆ "అధికం, తక్కువ" అనేవి పొలాలకి పెట్టుకున్న గీతలు. అందుబాటు నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపైతే తక్కువ, 560 దాటితే అధికం. వరికీ మిరపకీ ఎరువు మోతాదు చెప్పడానికి అవి పనికొస్తాయి. మడ చెట్టు ఆ గీతల్ని ఎప్పుడూ చూడలేదు. ఇక పొటాష్ అన్ని ప్లాట్లకీ "అధికం" అనే వచ్చి ఉండాలి. సముద్రపు నీటిలోనే లీటరుకు 400 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది, రాకేం చేస్తుంది?

ఇప్పుడు అసలు గుట్టు. ల్యాబు కొలిచేది కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో. దాన్ని హెక్టారుకు మార్చడానికి 2.24తో గుణిస్తారు. హెక్టారు పైపొర మట్టి 22.4 లక్షల కిలోలు తూగుతుందని లెక్క. దున్నిన పొలానికి అది దగ్గరగా సరిపోతుంది. మడ బురద అలా కాదు. వేళ్లు, కుళ్లిన ఆకులు, నీళ్లు కలిసి స్పాంజిలా ఉంటుంది. ఆరితే అదే కొలపాత్రలో పొలం మట్టి తూగే దాంట్లో సగం కూడా తూగకపోవచ్చు. లేని మట్టిని ఉన్నట్టు లెక్కేసి గుణించారు. మెత్తటి బురద ఉన్న ప్లాటుకి అంకె ఉబ్బింది, ఇసుక నేల ఉన్న ప్లాటుకి అంత ఉబ్బలేదు. వేరు బతికేది కిలోల్లో కాదు, జాగాలో. లీటరు మట్టిలో ఎంత ఉందో చూడు. తేడా మొత్తం పోదు కానీ బాగా తగ్గుతుంది.

కర్బనం సంగతి ఇంకోటి. డైక్రోమేట్ అనే రసాయనం పోసి చేసే మామూలు పరీక్షలో ఉప్పులోని క్లోరైడు కూడా డైక్రోమేట్‌ని తినేస్తుంది. కర్బనం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. దాన్ని ఆపడానికి సిల్వర్ సల్ఫేట్ కలుపుతారు. పొలం మట్టి చేసే ల్యాబుకి ఆ అలవాటు ఉండదు, నువ్వు ఉప్పు నేల అని చెప్పకపోతే వాళ్ల తప్పూ కాదు. నా దగ్గరకి ఒకాయన కొబ్బరి తోట మట్టి అని తెచ్చి, చివర్న "సార్, ఇది రొయ్యల చెరువు గట్టు" అని చెప్పాడు. ఆ రోజు ఆ పరీక్షనాళికలన్నీ నేనే కడుక్కున్నాను.

బురదలో_భార్గవి
అయ్యో. ఉప్పు నేల అని నేను చెప్పలేదు. ఫారంలో "పంట" అన్న గడి ఉంటే ఖాళీగా వదిలేశాను. అందుకే వరి వచ్చిందేమో.

వేళచ్చేరి_వనజ
బాబాయ్, పట్టీల సంగతి చెప్పలేదు.

భూసార_బాబాయ్
పట్టీలు ఈ పిల్ల చేసిన పరీక్షలన్నిటిలోకీ నమ్మదగిన పరీక్ష. నీళ్లు నిలిచిన బురదలో గాలి ఉండదు. అక్కడి సూక్ష్మజీవులు ఆక్సిజన్ బదులు సముద్రపు నీటిలోని సల్ఫేట్‌ని వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. కుళ్లిన గుడ్డు వాసన అదే. అది ఇనుముతో కలిస్తే బురద నల్లబడుతుంది, వెండితో కలిస్తే పట్టీలు నల్లబడతాయి. అంటే ఆ చోట వేళ్లకి ఊపిరి ఆడటం కష్టం. నత్రజని ఎంత ఉన్నా, వేరు నోరు తెరవలేకపోతే ఏం తింటుంది?

భార్గవీ, మూడు చోట్లలో పట్టీలు ఎక్కడ నల్లబడ్డాయో గుర్తుందా?

బురదలో_భార్గవి
మొదటి చోట. సారం ఎక్కువ, చెట్లు తక్కువ అని వచ్చింది అక్కడే. పైపు దింపి తీస్తే పైన రెండు వేళ్ల మందం గోధుమ రంగు, దాని కింద కాటుకలా నలుపు. ఆ వాసనకి నాతో వచ్చిన స్నేహితురాలు డబ్బా తెచ్చుకున్న నిమ్మకాయ పులిహోర తినలేకపోయింది. నేను రెండు డబ్బాలూ తిన్నాను.

అడయారు_అక్క
బాబాయ్ గారి మాట కాదనను కానీ, ఈ వరస చూస్తే పోషకాలకి విలువే లేదన్నట్టుంది. నేను అడయారు పూంగా అనే పార్కు పక్కనే ఉంటాను. 58 ఎకరాలు, 2011లో తెరిచారు. ఒకప్పుడు చెత్తా రాళ్లూ పోసిన చోటది. అడయారు నదిలోకి వచ్చే మురుగు సంగతి చెన్నైలో అందరికీ తెలుసు. అయినా ఆ నీటి ఒడ్డున మడ ఎంత నవనవలాడుతోందో వచ్చి చూడండి. ఆకులు చేతి వెడల్పు. మురుగులో ఉన్న నత్రజని, భాస్వరం తినకుండానే అంత పెరిగాయా?

కోరంగి_కామేశ్
తిన్నాయండి, తినలేదని ఎవరన్నారు. మా వైపు ఊళ్ల కాలువలు కలిసే చోట మడ ఏపుగానే ఉంటుంది. కానీ ఏపుగా ఉండటం వేరు, ఎక్కువ ఉండటం వేరు. భార్గవి గారు లెక్కపెట్టింది తలల్ని.

అడయారు_అక్క
తలలు ఎక్కువుంటే అడవి బాగున్నట్టు కాదా?

కోరంగి_కామేశ్
నారుమడిలో తలలు ఎక్కువ. పంట ఎక్కడొస్తుంది?

లెక్కల_మాస్టారు
కామేశ్ ఒక్క మాటలో చెప్పేశాడు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. కొత్తగా మొలకలొచ్చిన చోట హెక్టారుకు వేలకు వేలు నిలబడతాయి. పెరిగేకొద్దీ ఒకదాని నీడలో ఒకటి ఎండిపోతూ, చివరికి కొన్నే లావెక్కుతాయి. సారమున్న నేలలో పెరుగుదల తొందరగా జరుగుతుంది కాబట్టి ఈ ఏరివేత కూడా తొందరగా జరుగుతుంది. అంటే సారం ఎక్కువుంటే తలలు తక్కువ అవడం వింత కాదు. తలల లెక్క పక్కన మొదలు లావు లెక్క కూడా లేకపోతే ఆ గ్రాఫ్‌కి అర్థం లేదు. చుట్టుకొలతలు తీశావా భార్గవీ?

బురదలో_భార్గవి
లేదు మాస్టారూ. టేపు తీసుకెళ్లాను. ప్లాటు కొలవడానికి వాడాను, చెట్టుకి చుట్టలేదు.

తాంబరం_తమ్ముడు
టేపు బాధ ఎవరికి చెప్పుకోవాలి.

అంబత్తూరు_ఆనంద్
నన్ను అందరూ కలిసి డీఏపీ అన్నందుకు ఉతికేశారు. సరే. కానీ సారం లేక చెట్లు గిడసబారిపోవడం అనేది ఉందా లేదా? ఒక్కరు సూటిగా చెప్పండి.

మాంగ్రోవ్_మల్లిక
ఉంది. ఇన్నాళ్లూ చదివి ఊరుకున్నదాన్ని, ఇది నా సబ్జెక్టు కాబట్టి రాస్తున్నాను.

బెలీజ్ దేశంలో ట్విన్ కేస్ అని చిన్న దీవులున్నాయి. అక్కడ నీటి అంచున ఉన్న ఉప్పు పొన్న జాతి చెట్లు ఎత్తుగా ఉంటాయి. దీవి లోపల అదే జాతి చెట్లు ఏళ్ల తరబడి మనిషి ఎత్తుకి కూడా రావు. ఫెల్లర్ అనే శాస్త్రవేత్త బృందం అక్కడ చెట్టు చెట్టుకీ విడివిడిగా ఎరువు పెట్టి చూసింది. లోపలి మరుగుజ్జు చెట్లకి నత్రజని పెడితే చలనం లేదు, భాస్వరం పెడితే ఒక్కసారి కొమ్మలేశాయి. అంచు చెట్లకి ఉలటా, వాటికి కావలసింది నత్రజని. ఒకే దీవి, ఒకే జాతి, నడిచి వెళ్లే దూరంలో కొరత మారిపోయింది. కాబట్టి "మడ నేలలో ఫలానాది తక్కువ" అని మొత్తానికి కలిపి చెప్పడం కుదరదు.

ఆనంద్ గారూ, ఇప్పుడు మీ డీఏపీకి వస్తున్నాను. 2009లో లవ్‌లాక్, ఆమె సహచరులు ఇలా ఎరువు పెట్టిన ప్రయోగాలను కొన్ని దేశాల నుంచి ఒకచోట చేర్చి చూశారు. ఎరువు తిన్న చెట్లు పైకి పెరిగాయి. కానీ వాన తక్కువగా ఉండి నేలలో ఉప్పు ఎక్కువగా ఉన్న చోట్ల, ఎరువు పెట్టని వాటికన్నా అవే ఎక్కువ చచ్చిపోయాయి. తిండి చేతికందితే చెట్టు వేళ్ల మీద ఖర్చు తగ్గించి ఆకుల మీద పెడుతుంది. ఎండాకాలం ఉప్పు పెరిగి నీళ్లు దొరకని రోజున, పైన అంత గొడుగుండి కింద వేళ్లు చాలవు. అడయారు అక్క చెప్పిన చేతి వెడల్పు ఆకుల్ని చూసినప్పుడు నాకు ఆ భయం కూడా వేస్తుంది.

అడయారు_అక్క
అంటే పెళ్లికి అప్పు చేసినట్టు అన్నమాట. పందిరి పెద్దది, పునాది లేదు.

అయినా మల్లికా, మా దగ్గర వానలు బాగానే పడతాయి, ఇంతవరకు చచ్చినవి నేను చూడలేదు.

మాంగ్రోవ్_మల్లిక
చావకపోతే మంచిదే అక్కా. నది నోట్లో ఇసుక మేట వేసి సముద్రపు నీరు రావడం తగ్గినప్పుడు ఒకసారి వేసవిలో చూసి చెప్పు.

బురదలో_భార్గవి
మల్లిక గారూ, ఉప్పు ఎక్కువున్న చోట నత్రజని ఉన్నా లేనట్టే అని ఎక్కడో చదివాను. అది నిజమేనా?

మాంగ్రోవ్_మల్లిక
చాలావరకు. ఉప్పు నేలలోంచి నీళ్లు లాగాలంటే ఆకు తన కణాల్లో ఏదో ఒకటి పేర్చుకోవాలి. తెల్ల మడ జాతి గ్లైసిన్ బీటైన్ అనే పదార్థం పేర్చుకుంటుంది. అది చెయ్యడానికి నత్రజని కావాలి. అంటే ఉప్పు పెరిగేకొద్దీ సంపాదనలో కొంత బతకడానికే అద్దెగా పోతుంది. పైగా నీళ్లు నిలిచిన నేలలో నత్రజని దొరికేది అమ్మోనియం రూపంలో, దాన్ని వేరు పీల్చుకోకుండా సోడియం అడ్డం పడుతుంది. కాబట్టి మట్టిలో రంధ్రాల నీరు పిండి, దాని ఉప్పు కొలవకుండా పోషకాల గురించి మాట్లాడకు. సముద్రం లీటరుకు 35 గ్రాములు. నీరు నిలిచి ఎండే గుంటల్లో అంతకు రెట్టింపు కూడా చూశాను.

కోరంగి_కామేశ్
ఉప్పు మాటొచ్చింది కాబట్టి మా ఊరి సంగతి.

మాది తాళ్లరేవు మండలం. కోరంగి అభయారణ్యం అంచున ఉంటాం. మా చిన్నప్పుడు మడలో మధ్య మధ్య బట్టతలలా ఖాళీలుండేవి. ఎండాకాలం వాటి మీద తెల్లగా ఉప్పు పూసేది, నాలిక మీద పెట్టుకునేవాళ్లం. తర్వాత అటవీ శాఖ, స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు ఊరి వన సంరక్షణ సమితిని పెట్టి అక్కడ కాలువలు తవ్వించారు. చేప ముల్లు ఆకారంలో, నడుమ పెద్ద కాలువ, ఇరువైపులా పిల్ల కాలువలు. మా నాన్న కూలికి వెళ్లాడు. తట్ట బురద ఎత్తితే తట్టకన్నా మనిషి ముందు కూరుకుపోయేవాడని చెబుతాడు. ఆటూపోటూ లోపలికొచ్చి ఉప్పు కడుక్కుపోయింది. ఇప్పుడక్కడ మడలోకి మనిషి దూరలేడు. ఎరువు చెంచాడు కూడా వెయ్యలేదు.

మీ తమిళనాడులో పిచ్చావరంలో ముందు చేసిన పద్ధతే అది. తెల్లవాళ్ల కాలం నుంచీ అక్కడ వంతులవారీగా అడవిని మొత్తం నరికేవాళ్లట. నరికిన చోట నేల ఎండి, కుంగి, పళ్లెంలా అయ్యింది. పోటుకి వచ్చిన నీరు బయటికి పోలేక అక్కడే ఎండి ఉప్పయ్యింది. ఎన్నేళ్లయినా విత్తనం మొలవలేదు. కాలువ తవ్వాక మొలిచింది. ఆనంద్ గారూ, మీ అయిదు వందల మొక్కలు చచ్చింది ఎరువు లేక కాదు, పోటు నీరు రోజూ వచ్చి పోయే ఎత్తులో నాటారో లేదో చూసుకోండి.

అంబత్తూరు_ఆనంద్
ఎత్తు సంగతి ఎవరూ చూడలేదు. బస్సు ఎక్కడ ఆగిందో అక్కడ నాటాం.

వేళచ్చేరి_వనజ
నిజం ఒప్పుకున్నందుకు ఆనంద్ గారికి వీరతాడు.

నిర్వాహకుడు
మధ్యలో తమిళనాడు పెద్దదా ఆంధ్రా పెద్దదా అని మొదలైన పదిహేను పోస్టులు వేరే చర్చా దారంలోకి మార్చాను. 2021 అటవీ సర్వే ప్రకారం మడ విస్తీర్ణం ఆంధ్రప్రదేశ్‌లో 405 చదరపు కిలోమీటర్లు, తమిళనాడులో 45. అంతటితో ఆపండి. తిల్ల అనే మడ చెట్టు పేరు మీదే చిదంబరానికి తిల్లై అని పేరొచ్చింది కాబట్టి మడ సంస్కృతి ఎవరిది అన్న గొడవ కూడా అక్కడే పడండి.

తాంబరం_తమ్ముడు
తిల్ల పాలు కంట్లో పడితే కళ్లు పోతాయంటారు, ఆ దారం చదివినా అంతే.

కోరంగి_కామేశ్
భార్గవి గారూ, నాకొక అనుమానం. చెట్లు కిక్కిరిసిన చోటు అన్నారే, అక్కడ చెట్లు వరసల్లో ఉన్నాయా?

బురదలో_భార్గవి
వరసలా? గుర్తులేదు. ఫొటోలున్నాయి, చూస్తాను.

బురదలో_భార్గవి
చూశాను.

వరసల్లోనే ఉన్నాయి. పక్కనుంచి తీసిన ఫొటోలో తెలియడం లేదు కానీ మూలనుంచి తీసిన ఫొటోలో దువ్విన తలలా కనిపిస్తోంది. అన్నీ ఒకే ఎత్తు. క్రీక్‌లో పీతలు పట్టే పెద్దాయనకి ఫోన్ చేసి అడిగాను. కొన్నేళ్ల కింద నాటారట. ఆయన భార్య కూడా కూలికి వెళ్లిందట. "నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాడు.

లెక్కల_మాస్టారు
ఇంకేం. ఆ సాంద్రతని నేల నిర్ణయించలేదు, మేస్త్రీ నిర్ణయించాడు. దగ్గర దగ్గరగా నాటమంటే నాటారు. ఆ నాలుగు చుక్కలూ గ్రాఫ్ నుంచి తీసి పక్కన పెట్టు.

వేళచ్చేరి_వనజ
మూడు వారాల నిద్ర ఎవరిస్తారు?

అడయారు_అక్క
కామేశ్‌కి ఎలా అనుమానం వచ్చింది?

కోరంగి_కామేశ్
మడ దానంతటదే మొలిస్తే తగువులాడుకున్నట్టు మొలుస్తుందండి. ఒకటి ముందు, ఒకటి వెనక, ఒకటి వంకర, మధ్యలో ఎండినవి. ఒక చోటి చుక్కలన్నీ ఒకే ముద్దగా పడ్డాయనగానే తేడా కొట్టింది.

ఎన్నూరు_ఎల్లయ్య
నేను కాట్టుకుప్పం వైపు బోట్లకి ఇంజన్ రిపేరు చేస్తాను. ఒక్క మాట. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను వరదలో క్రీక్‌లోకి నూనె వచ్చింది కదా. మడ మొదళ్లకి, బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్లకి నడుం ఎత్తు దాకా జిడ్డు పట్టింది. ఆ వేళ్లతోనే కదా చెట్టు గాలి పీల్చేది. పాప లెక్కపెట్టిన మొదటి చోటు ఆ నీరు పారిన వైపుంటే, చెట్లు తక్కువ కావడానికి అది కూడా కారణం కావచ్చు. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద కూడా ఈ క్రీక్‌లో ఏళ్ల తరబడి పేరుకుంది. మట్టి పరీక్షలో అది తెలుస్తుందా, నాకు తెలియదు.

భూసార_బాబాయ్
మంచి మాట ఎల్లయ్యా. మామూలు ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్) పరీక్షలో నూనె తెలియదు, బూడిద కూడా తెలియదు. నూనెలోని కర్బనం కొంత సేంద్రియ కర్బనం లెక్కలో కలిసిపోతుంది కూడా. చెట్టుని చంపినదే సారంగా కనిపిస్తుందన్నమాట.

భార్గవీ, ఇంకో పని చెయ్యి. డాబా మీద ఆరబెట్టిన మట్టి మిగిలి ఉంటే దాని పీహెచ్, అంటే ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, చూడు. మళ్లీ వెళ్లినప్పుడు తీసిన పచ్చి మట్టిది అక్కడికక్కడే చూడు. రెండూ ఇక్కడ రాయి. ఎందుకో తర్వాత చెబుతాను.

లెక్కల_మాస్టారు
వెళ్లినప్పుడు చుట్టుకొలత టేపు మర్చిపోకు. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున.

మాంగ్రోవ్_మల్లిక
తెల్ల మడకి అది సరిపోతుంది. ఉప్పు పొన్నకైతే అన్నిటికన్నా పై ఊత వేరుకి పైన కొలవాలి, లేకపోతే కాళ్లు కొలిచి నడుము అంటావు. నరికిన మోళ్లు కూడా లెక్కపెట్టు. పీత బొరియలు కూడా. పీతలు ఆకుల్ని లోపలికి లాక్కెళ్లి పాతేస్తాయి, బొరియలతో గాలి దింపుతాయి. బొరియలు లేని బురద నాకు నచ్చదు.

బురదలో_భార్గవి
వెళ్లొచ్చాను. అన్నీ రాస్తాను.

మొదటి చోట ఒక ప్లాటులో ఏడే చెట్లు. చుట్టుకొలతలు యాభై ఆరు సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ, అంటే అడ్డంగా 18 సెంటీమీటర్లు. వాటి మధ్య నాలుగు పాత మోళ్లు కూడా కనిపించాయి, పోయినసారి బురద అనుకుని తొక్కుకుంటూ పోయాను. నాటిన చోట ఒక ప్లాటులో అరవై మొక్కలు, అడ్డంగా సగటున 3 సెంటీమీటర్లు. మొదళ్లు కోస్తే వచ్చే వైశాల్యం లెక్కేశాను. అరవై కలిపి 424 చదరపు సెంటీమీటర్లు. ఏడు కలిపి 1,780. నేను "తక్కువ" అన్న చోట నాలుగు రెట్లకు పైగా చెట్టుంది.

పీహెచ్. పచ్చి మట్టి 7 దాటింది. డాబా మీద ఆరిన అదే చోటి మట్టి 4 కూడా లేదు. పీహెచ్ కొలిచే పెన్ను చెడిపోయిందనుకుని మూడుసార్లు కడిగి పెట్టాను. మట్టి గడ్డల మీద పసుపు మచ్చలు కూడా ఉన్నాయి.

భూసార_బాబాయ్
పెన్ను బాగానే ఉంది. ఆ నల్ల బురదలో ఇనుము, గంధకం కలిసి ఉన్న పైరైట్ ఉంటుంది. నీటి కింద ఉన్నంతకాలం నోరెత్తదు. గాలి తగిలితే కాలి గంధకామ్లం అవుతుంది. పది రోజులు డాబా మీద పెట్టి నువ్వు ఆసిడ్ తయారు చేశావు. కేరళ కుట్టనాడులో కరి నేలల బాధ ఇదే. మడ కొట్టి తవ్విన కొన్ని రొయ్యల చెరువుల్లో బస్తాలకు బస్తాలు సున్నం పోసేదీ ఇందుకే. అంత ఆమ్లంలో భాస్వరం అంకె ఏం చెబుతుందో నేను నమ్మను. అమ్మోనియం కూడా ఆరేటప్పుడు కొంత ఎగిరిపోతుంది, కొంత రూపం మార్చుకుంటుంది. నత్రజనికి పచ్చి మట్టే, ఐసు డబ్బాలో, ఆ రోజే పొటాషియం క్లోరైడు ద్రావణంలో కలపాలి.

కోరంగి_కామేశ్
మా పక్కూరి చెరువు సున్నం లెక్క ఇప్పుడు అర్థమైంది.

లెక్కల_మాస్టారు
భార్గవీ, గీత ఇప్పుడు పైకి పోతోందని సంబరపడి గైడ్ దగ్గరకి పరిగెత్తకు. నాటిన చోటు తీసేస్తే నీకు మిగిలింది రెండు చోట్లు. రెండు చుక్కల మధ్య గీత ఎప్పుడూ తిన్నగానే ఉంటుంది.

బురదలో_భార్గవి
పరిగెత్తేశాను మాస్టారూ. ఆయన విని, కాసేపు ఫొటో చూసి, "రూళ్లకర్ర పెట్టి నాటినట్టుంది, నాకూ తట్టలేదు" అన్నారు. ఇంకో మూడు సహజమైన చోట్లు వెతకమన్నారు. మట్టి మా డిపార్ట్‌మెంట్ ల్యాబులోనే పచ్చిగా చెయ్యమన్నారు. అటవీ శాఖ అనుమతి లేఖకి మళ్లీ నెల పడుతుందేమో.

అంబత్తూరు_ఆనంద్
బస్సు కావాలంటే మా ఆఫీసుది అడుగుతాను. ఈసారి బస్సు ఎక్కడ ఆగాలో మీరు చెప్పండి.

ఎన్నూరు_ఎల్లయ్య
బస్సు రాదు సార్ అక్కడికి. పడవ నేను మాట్లాడతాను. ఆదివారం పొద్దున ఆరింటికి ఆటు బాగుంటుంది, ఎనిమిదిన్నరకల్లా బయటికి వచ్చెయ్యాలి. పాపా, చెప్పులు బురదలో ఉండిపోతాయి, ఒట్టి కాళ్లకి ఆ వేళ్లు గుచ్చుకుంటాయి. పాత సాక్సులు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుని రా.

వేళచ్చేరి_వనజ
పట్టీలు ఇంట్లో పెట్టి రా. నల్లబడినవాటికి గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వేడి నీళ్లు, వంట సోడా వేసి ముంచు. మీ అమ్మకి చెప్పక్కర్లేదు.

బురదలో_భార్గవి
అమ్మ ఈ దారం చదివేసింది.